ఎండిన నాలుక

పింఛను రోజున బ్యాంకు గోడలోని డబ్బు మిషన్ దగ్గర మా ఆడవాళ్ళ వరస కాలువ గట్టు దాకా సాగుతుంది. నెలనెలా నా కార్డు పట్టుకెళ్ళి డబ్బు తెచ్చేది మా అబ్బాయి నయీమే. ఆ రోజు వాడు పనిచేసే ఫోన్ల దుకాణానికి జగాజీగ్ పట్నం నుంచి సరుకు దిగుతుందంటే నేనే బయల్దేరాను. దారి పొడుగునా కార్డు ఉందో లేదోనని గుండెల మీద తడుముకుంటూనే ఉన్నాను. మిషన్ కార్డును మింగేస్తే? వెనక నిలబడ్డవాళ్ళు అంకెలు చూసేస్తే? తిరిగొచ్చేటప్పుడు టుక్‌టుక్ వాడు తీసుకెళ్ళి కాలువలో పడేస్తే?

"కీడెంచి మేలెంచమన్నారు" అని నేనంటే మా ఆయన రషాద్ బతికున్నన్నాళ్ళూ నవ్వేవాడు. "నువ్వు కీడెంచేసరికే అలిసిపోతావు. ఇక మేలు దాకా ఎప్పుడొస్తావే?" అనేవాడు.

నా వంతు వచ్చింది. కార్డు లోపలికి పోలేదు. నా వెనకున్న ఉమ్ సబాహ్, అదే సబాహ్ తల్లి, ఊరుకుంటుందా?

"తిప్పి తిప్పి పెడతావేంటే, అదేమన్నా రొట్టా రెండు వైపులా కాల్చడానికి? ఇలా ఇయ్యి!" అని తనే పెట్టింది. వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తెర మీద అక్షరాలు వచ్చాయి. నాకు అక్షరాలు వచ్చు కానీ అవి నిలబడి ఉంటేనే వచ్చు. ఉమ్ సబాహే చదివింది.

"సరిపడా డబ్బు లేదంటోందే."

"లేకపోవడమేంటి? అందులో తొమ్మిది లక్షలుంటేనూ!" అన్నాను. అనేశాక చేత్తో నోరు మూసుకున్నాను. వరసలో నవ్వు ఆగిపోయింది. ఎవరో "మాషాఅల్లా" అన్నారు, ఆలస్యంగా. దిష్టి తగలాల్సింది తగిలేసిందనుకున్నాను. కానీ దిష్టి కన్నా ముందే వేరే ఏదో తగిలిందని లోపలికి వెళ్తేగానీ తెలియలేదు.

ఆ తొమ్మిది లక్షల పౌండ్లు మా ఒక్కరివి కావు. మా మామగారు వదిలి వెళ్ళిన రోడ్డు పక్క మామిడి నేల, అత్తగారు బతికున్నంత కాలం పంపకాలు కాకుండా ఉండిపోయింది. ఆమె పోయాక కువైట్‌లో పనిచేసే ఒకాయన కొన్నాడు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇస్తానన్నాడు. మా ఇంటి మొత్తం మీద బ్యాంకు ఖాతా ఉన్నది నాకే, రషాద్ పింఛను కోసం తెరిచింది. పెద్ద బావగారు హాజ్ మెత్వల్లి తన డబ్బు పరుపు కడుపులో దాస్తారు. చిన్న మరిది అతియ్యాకు దాచుకునేంత ఎప్పుడూ ఉండదు. అందుకని నా ఖాతాలోనే వేయించారు.

వచ్చిన రోజే పంచేసుకుంటే పీడా పోయేది. బావగారు ఒప్పుకోలేదు. "అమ్మ మీద మట్టి ఆరకముందే పంపకాలా? జనం ఉమ్మేస్తారు. నలభయ్యో రోజు ఫాతిహా చదివించి, అదే రోజు పంచుకుందాం" అన్నారు. మా వాటా వస్తే నయీమ్ సొంతంగా దుకాణం పెట్టుకోవాలనుకున్నాడు. మార్కెట్లో ఒక షట్టరు చూసి పెట్టుకున్నాడు. రోజూ ఆ దారినే ఇంటికొచ్చేవాడు, దూరమైనా సరే.

నలభయ్యో రోజుకని బావగారే మా కుటుంబం గ్రూపులో ఖత్మా పెట్టారు. ఇప్పుడంతా ఫోన్లోనే కదా! లింకు వస్తుంది, తెరిస్తే ఖురాన్ ముప్పై భాగాలకీ ముప్పై గళ్ళుంటాయి. ఎవరి గడి వాళ్ళు పట్టుకుని ఎవరింట్లో వాళ్ళు చదువుకుంటారు, ఆ పుణ్యం పోయినవాళ్ళకి చేరుతుంది. నేను కాళ్ళూ చేతులూ కడుక్కుని, వుదూ చేసుకుని కూర్చుని, అడిగిన చోటల్లా బిస్మిల్లా అని వేలు పెట్టి, నా గడి పచ్చగా మారేదాకా చూసుకున్నాను. చిన్న చిన్న సూరాలుండే చివరి భాగం తీసుకున్నాను, నా చదువుకి అదే సరిపోతుంది. అత్తగారు నన్ను ముప్పై ఏళ్ళు పిరికి కోడి అని పిలిచింది. అయినా ఆ వారమంతా ఆమె కోసం చదివాను.

బ్యాంకు లోపల కౌంటర్లో ఉన్నది యుస్రా అనే అమ్మాయి. హజ్‌కి వెళ్ళకపోయినా వయసు చూసి నన్ను హాజ్జా అంటుంది.

"డబ్బు ఆన్‌లైన్లో వెళ్ళిపోయింది హాజ్జా. ఈ వారమంతా, రోజూ కొంత. ఫోన్ వాలెట్లకి."

"ఎవరు పంపారు తల్లీ?"

"మీరే."

"నేనా? నాకు ఫోన్లో వెలుతురు తగ్గించుకోవడం కూడా రాదమ్మా!"

"పంపిన ప్రతిసారీ మీ నంబరుకే కోడ్ వచ్చింది. ప్రతిసారీ సరైన కోడే కొట్టారు. మీకు మెసేజీలు రాలేదా?"

"ఒక్కటీ రాలేదు. వస్తే గుండె ఆగి చచ్చేదాన్ని కదా, ఎందుకు తెలీదు?"

"వచ్చాయి. ఎవరో తుడిచేసి ఉంటారు." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మీ ఫోన్ ఇంకెవరు పడతారు?"

"నా కొడుకు. అందులో అన్నీ వాడే పెట్టిచ్చాడు. వాడి పనే ఫోన్లది" అన్నాను. చెప్పేటప్పుడు కొంచెం గర్వంగానే చెప్పాను.

యుస్రా కీబోర్డు మీద చేతులు ఆపింది. నన్ను చూసింది. మా ఆయన్ని ఆస్పత్రిలో లోపలికి తీసుకెళ్ళాక బయటికొచ్చిన నర్సు కూడా నన్ను అలాగే చూసింది. నా నాలుక అంగిటికి అతుక్కుపోయింది. అది నా రోగం. ఏ చిన్న భయానికైనా నా నోట్లో తడి ఆరిపోతుంది. రషాద్ పోయిన రోజు ఏడుద్దామన్నా గొంతు పెగల్లేదు. నయీమే దూది ముంచి నా పెదాల మీద నీళ్ళు పిండాడు.

ఆ అమ్మాయి కార్డు ఆపేసింది, ఫిర్యాదు రాసుకుంది. "విచారణ చేస్తారు. కానీ కోడ్ సరిగ్గానే పడింది కాబట్టి బ్యాంకు బాధ్యత ఉండదంటారు హాజ్జా. ముందు మీ ఇంట్లో అడగండి."

ఇంట్లో అడగండి. అంత చిన్న మాట మా ఇంట్లోకి పాములా దూరింది.

నయీమ్ మధ్యాహ్నం భోజనానికొచ్చాడు. నేను అడగలేదు. ఫూల్ చిక్కుడు గింజల కూర వేడి చేసి, ఉల్లిపాయ చితక్కొట్టి, రొట్టె ముందు పెట్టాను. వాడు తింటుంటే వాడి చేతుల్నే చూశాను. కొత్త గడియారం లేదు. కొత్త చెప్పులు లేవు. అలా వెతికాను నేను, కన్నకొడుకు ఒంటి మీద.

"ఏంటమ్మా అలా చూస్తున్నావు? పింఛను ఇవ్వలేదా?"

చెప్పాను. రొట్టె ముక్క వాడి చేతిలోంచి కంచంలో పడింది. ఫోన్ లాక్కుని బ్యాంకు యాప్ తెరిచాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"ఏదన్నా నొక్కావా అమ్మా? లాటరీ వచ్చిందనీ, ఫ్రీ ఇంటర్నెట్ అనీ?"

"నేను దేన్నీ నొక్కను. నొక్కాలంటేనే నాకు భయమని నీకు తెలీదా?"

"ఎవరికైనా కోడ్ చెప్పావా?"

"ఎవరు అడిగారని చెప్పడానికి?"

వాడు ఫోన్ తీసుకుని దుకాణానికి పరుగెత్తాడు. సాయంత్రం తిరిగొచ్చి, "ఇందులో ఏదో పురుగుంది. ఇంకేం పోకుండా మొత్తం తుడిచి కొత్తదానిలా చేశాను" అన్నాడు. వాడికి తెలిసిన వైద్యం అదొక్కటే. ఫోటోలు పోయాయి, రషాద్ గొంతు ఉన్న రికార్డింగులు పోయాయి, గ్రూపులో వచ్చినవన్నీ పోయాయి. ఆ ఫోన్లో దొంగ అడుగులేమైనా ఉంటే అవీ వాటితోపాటే పోయాయి.

నలభయ్యో రోజున బావగారింటి ముందు గుడారం వేసి కుర్చీలు పరిచారు. షేక్ చదివి వెళ్ళాడు. కాఫీ తాగినవాళ్ళు వెళ్ళారు. మేమే మిగిలాం. డబ్బు పోయిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు, అయినా మొదటిసారి విన్నట్టు మళ్ళీ చెప్పించుకున్నారు.

"కోడ్ మీ ఫోన్‌కే వచ్చింది. మీ ఫోన్లోనే కొట్టారు. మెసేజీలు మీ ఫోన్లోనే తుడిచారు" అన్నారు బావగారు. "అడిగేలోపు ఫోన్ మొత్తం కడిగి ఆరేశారు. నా తెల్లగడ్డం చూసి చెప్పు ఉమ్ నయీమ్, నువ్వు నా చోట ఉంటే ఏమనుకుంటావు?"

"నేను బాగుచేద్దామనే తుడిచాను పెదనాన్నా" అన్నాడు నయీమ్.

"బాగా చేశావులే" అంది ఆయన భార్య కౌసర్. "మా ఇళ్ళల్లో గిన్నెలు కూడా అంత శుభ్రంగా తోమరు."

అతియ్యా నవ్వబోయి ఆగాడు. వాడి వాటాతో గేదె కొనాలని వాడి పెళ్ళాం అప్పటికే పాక వేయించింది. "వదినా, పోలీసులకి చెబుదాం. వాళ్ళకి ఇంటర్నెట్ దొంగల్ని పట్టే శాఖ ఉందట" అన్నాడు.

"చెబుదాం! వాళ్ళొచ్చి ముందు ఎవర్ని పట్టుకెళ్తారో తెలుసా?" బావగారు కర్ర నేలకేసి కొట్టారు. "నా తమ్ముడి పెళ్ళాన్నీ, నా తమ్ముడి కొడుకునీ. స్టేషన్లో మన పేరు ఎక్కించను. మా నాన్న ఎలా తేల్చేవాడో అలాగే తేలుద్దాం. బిషా దగ్గరికి వెళ్దాం. నిప్పే చెబుతుంది."

ఎడారి అంచున వేరే షేక్ ఒకడు ఉన్నాడు. బిషా అంటే అతను పెట్టే నిప్పు పరీక్షే, వాళ్ళ తాతల నాటి నుంచీ అదే పని. కాఫీ గింజలు వేయించే ఇనప గరిటెను నిప్పుల్లో ఎర్రగా కాలుస్తాడు. అనుమానం ఉన్నవాళ్ళు దాన్ని మూడుసార్లు నాకాలి. నాలుక పొక్కితే దొంగ, పొక్కకపోతే దొర. నిజం చెప్పేవాడి నోట్లో తడి ఉంటుందనీ, అబద్ధమాడేవాడి నోరు భయానికి ఎండుతుందనీ, ఎండిన నాలుకనే ఇనుము పట్టుకుంటుందనీ అంటారు. నిజం చెబుతూ కూడా భయపడేవాళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

"ఎవరు నాకాలి?" అన్నాడు అతియ్యా.

"ఖాతా ఎవరిదో వాళ్ళు ముందు. తర్వాత వాడు."

"అమ్మెందుకు? నేను నాకుతాను, చాలదా?" అన్నాడు నయీమ్.

"నీ ఒక్కడి పేరు మచ్చ లేకుండా తేలితే నీ తల్లి పేరు ఎక్కడ కడుక్కుంటుంది? ఇద్దరూ తేలితే నేనే పది మందిలో మీ తలలు ముద్దు పెట్టుకుంటాను" అన్నారు బావగారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను.

వెళ్ళే రోజు దాకా నయీమ్ పనికి వెళ్ళలేదు. నా వెనకాలే తిరుగుతూ నిమ్మరసం, నీళ్ళు, ఖర్కదే పూల కషాయం తాగిస్తూనే ఉన్నాడు. "నాలుక చూపించమ్మా" అనేవాడు. చూపించేదాన్ని. చిన్నప్పుడు వాడికి గొంతు నొప్పి వస్తే నేను చూసినట్టే వెలుతురులోకి తిప్పి చూసేవాడు. చూసి ఏమీ అనేవాడు కాదు.

ఒకసారి అడిగాడు: "అమ్మా, నీకేం భయం? నువ్వు తీయలేదు కదా?"

"నా గురించి కాదురా" అన్నాను.

వాడు నా వైపు చాలాసేపు చూశాడు. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మైక్రోబస్సులో వెళ్ళాం. మా ఇద్దరి పక్కా ఎవరూ కూర్చోలేదు. తోవలో అతియ్యా సెనక్కాయలు పంచాడు, నాకూ పెట్టాడు. అవి నమిలినా లోపలికి దిగక రుమాల్లోకి ఉమ్మేశాను.

షేక్ ఎండకి కమిలిన మనిషి, గొంతు మాత్రం మెత్తన. టీ ఇప్పించాడు. రెండు వైపులా మాటలు విన్నాడు. ఆన్‌లైన్ అంటే ఏమిటని అడగలేదు, అలాంటి తగాదాలు ఆయన దగ్గరికి ఇప్పుడు రోజూ వస్తున్నాయట. "నా నిప్పుకి పాత దొంగైనా కొత్త దొంగైనా ఒకటే. ఇనుము ఎర్రబడ్డాక రాజీ లేదు. చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పుకోండి" అన్నాడు.

ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. గరిటె నిప్పుల్లోకి వెళ్ళింది. అది నల్లగా ఉండి, ముదురు ఎరుపై, తర్వాత పండిన మామిడి రంగుకొచ్చింది. నాకు నీళ్ళిచ్చారు, పుక్కిలించమన్నారు. నోట్లో పోసుకున్న నీళ్ళు పెదవి అంచు నుంచి మెడ మీదికి కారిపోయాయి. సాక్షులకి నాలుక చూపించమన్నారు. బయటికి చాపడానికి వేలితో లాగినంత పనైంది. కౌసర్ వంగి చూసింది. ఆమె ముఖంలోనే మొదటిసారి జాలి కనిపించింది.

"ఇంకొన్ని నీళ్ళివ్వండి" అన్నాడు షేక్. "భయపడకమ్మా."

భయపడకు అన్నందుకు ఈ లోకంలో ఎవరి భయమైనా పోయిందా? గరిటె నా ముఖం దగ్గరికి వస్తోంది. ఆ సెగకి కనురెప్పలు లాగుతున్నాయి. నేను కాలిపోతానని నాకు తెలుసు. కాలితే నేను దొంగనవుతానని తెలుసు. వింతేమిటంటే, అంతా నా మీదికి వచ్చేస్తే వాడు తప్పించుకుంటాడు కదా అని కూడా ఒక మూల అనిపించింది.

"ఆపండి."

నయీమ్ లేచి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"నేనే తీశాను పెదనాన్నా. అమ్మకేం తెలీదు."

బావగారు, "ఏం చేశావురా?" అన్నారు.

"ఆడాను."

"ఏం ఆడావు?"

"ఫోన్లో. పందేలు. మొత్తం పోయింది."

అంత నున్నగా చెప్పాడు. ఒక్క మాట తడబడలేదు. షేక్ గరిటెను నీళ్ళ బకెట్లో ముంచాడు, అది బుస్సుమంది. నాకు ముందు ఊపిరి వచ్చింది. నిప్పు తప్పిందని ఒళ్ళంతా వదులైంది, నోట్లోకి తడి కూడా వచ్చింది. అప్పుడు, ఆ తడి నోటితోనే, అయితే నిజమేనన్నమాట అనుకున్నాను. నేనెంచిన కీడే నిజమైందనుకున్నాను. వాడు నా కోసం చెబుతున్నాడేమోనన్న ఆలోచన నాకు ఆ రోజు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఎవరైనా తల్లికి రాకుండా ఉంటుందా? నాకు రాలేదు.

బావగారు కొట్టలేదు. అతియ్యా కొట్టబోతే ఆపారు. డబ్బు అప్పగించినట్టు రాసే ఖాళీ అమానత్ రసీదుల మీద నయీమ్ చేత సంతకాలు చేయించుకున్నారు. చెప్పిన గడువుకి కట్టకపోతే అంకె వేసి ఠాణాలో ఇస్తే చాలు, దారి జైలుకే. దుకాణం యజమాని వాణ్ణి తీసేశాడు. "ఫోన్ల దుకాణంలో నిన్ను పెట్టుకుంటే ఊళ్ళో ఎవరైనా నా చేతికి ఫోన్ ఇస్తార్రా?" అన్నాడట. మార్కెట్లో వాడు చూసి పెట్టుకున్న షట్టరులో ఎవరో కోళ్ళ బోనులు తెచ్చి పెట్టారు.

వాడు మిన్యా వైపు తెల్లరాయి కోసే క్వారీకి వెళ్తానన్నాడు. అక్కడ కూలి ఎక్కువ. ఎందుకెక్కువో అందరికీ తెలుసు. ఆ కరెంటు రంపాలకి అడ్డూ ఆపూ ఉండదు, ధూళిలో కాలు ఎక్కడ పడుతుందో కనపడదు. అటు వెళ్ళినవాళ్ళు ఒక వేలైనా అక్కడ వదలకుండా తిరిగి రారంటారు.

సంచి సర్దుకుంటుంటే వాడికి ఊరబెట్టిన మిష్ జున్ను సీసా, ఎండు రొట్టెలు పెట్టాను. గుమ్మం దగ్గర వాడి చెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా, ఇక్కడ నువ్వూ నేనే. నిజం చెప్పు. నువ్వే తీశావా?"

వాడు నా చేతిలోంచి చెయ్యి లాక్కోలేదు. అలాగే ఉంచి, "నువ్వు కూడా అడుగుతున్నావా?" అన్నాడు. "నువ్వేమనుకుంటే అదే అమ్మా" అని సంచి భుజాన వేసుకున్నాడు.

తర్వాత నుంచీ వాడు డబ్బు నేరుగా పెదనాన్నకే పంపేవాడు. నాకు ఫోన్ చేస్తే బాగున్నావా, మందులు వేసుకుంటున్నావా అనేవాడు. నేను రంపం జాగ్రత్త అనేదాన్ని. మా మధ్య అంతకన్నా మాట లేదు. వీధిలో వెళ్తుంటే ఆడవాళ్ళు నన్ను చూసి జాలిగా నిట్టూర్చేవాళ్ళు. "కొడుకుల్ని కనగలం గానీ కడుపులో దూరి చూడగలమా ఉమ్ నయీమ్?" అని ఉమ్ సబాహ్ అంటే నేను తలూపాను.

ఎండలు ముదిరి మామిళ్ళు దిగే కాలంలో బ్యాంకు నుంచి పిలుపొచ్చింది. యుస్రా నన్ను కౌంటర్ అవతలికి తీసుకెళ్ళి కుర్చీ వేసింది.

"మీలాంటి ఫిర్యాదులు ఇంకా చాలా వచ్చాయి హాజ్జా. అందరి కథా ఒకటే. ఇంట్లో ఎవరో పోయారు. చదవమని ఖత్మా లింకు వచ్చింది. మీకూ అలాంటిదేమైనా వచ్చిందా?"

వచ్చిందని తలూపాను.

"అది నిజం ఖత్మా కాదు. గడి పట్టుకోవాలంటే అనుమతి ఇవ్వమని అడుగుతుంది. ఇస్తే ఒక దొంగ ప్రోగ్రాం వచ్చి ఫోన్లో కూర్చుంటుంది. కోడ్ వస్తే అదే చదువుకుంటుంది, అదే కొడుతుంది, అదే తుడిచేస్తుంది. మనకి చప్పుడు కూడా వినపడదు."

"నేను వుదూ చేసుకుని నొక్కాను తల్లీ" అన్నాను.

"డబ్బు వెళ్ళిన వాలెట్లన్నీ చచ్చిపోయినవాళ్ళ పేర్ల మీద ఉన్నాయి. అది తిరిగి రాదు హాజ్జా. కోడ్ కొట్టింది మీ ఫోనే కాబట్టి బ్యాంకూ ఇవ్వదు." ఆ అమ్మాయి నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఆ రోజు ఇంట్లో అడగమన్నాను. నన్ను క్షమించండి. మీ అబ్బాయి బాగున్నాడా?"

బ్యాంకు నుంచి బావగారింటికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. ఆయన అరుగు మీద కూర్చుని మామిడికాయలు ఏరుతున్నారు, కౌసర్ గడ్డి పరుస్తోంది. అంతా చెప్పాను. చెబుతుంటే ఆయన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"ఆ లింకు ఎవరు పంపారు?" అంది కౌసర్, తెలియనట్టు.

"నువ్వే తీసి చూడక్కా. నా ఫోన్లో లేదు, వాడు తుడిచేశాడు. మీ ఫోన్లో ఉంటుంది."

బావగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తీశారు. వేలితో పైకి పైకి జరిపారు. దొరికింది. ఆకుపచ్చ గుమ్మటం బొమ్మ, కింద అత్తగారి పేరు, ఆయన స్వయంగా రాసిన మాటలు: అమ్మ కోసం ఒక్కొక్క భాగం చదవండి. ఎవరో చనువున్న మనిషి ఆయనకి పంపాడు, ఆయన మాకు పంపారు. ఆయన ఖాతా పరుపులో ఉంది కాబట్టి ఆయనది పోలేదు.

ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారు. "మరి వాడెందుకు ఒప్పుకున్నాడు?"

"నా నాలుక చూసి, బావగారూ."

కౌసర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన తల మాత్రం అడ్డంగా ఊగింది, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా.

"లేదు. నిప్పు ముందు అన్న మాట అది. పది మంది విన్నారు."

"రసీదులు చింపేయండి. వాడు రంపాల కింద ఉన్నాడు. మీ తమ్ముడి కొడుకు."

"నేనేం చెప్పమంటావు ఉమ్ నయీమ్?" అన్నారాయన. "మా అమ్మ నలభయ్యో రోజుకి నేను చేయించిన ఖత్మా దొంగల వల అని ఊళ్ళో చెప్పుకోమంటావా? ముప్పై గళ్ళూ నిండాయని సమాధి దగ్గరికెళ్ళి అమ్మకి చెప్పొచ్చాను నేను. నా చేతుల్తో నా అమ్మ పేరు మీద..." ఆయన ఆగిపోయారు. ఫోన్ తిప్పి, ఆ మెసేజీ మీద వేలు నొక్కి పట్టుకున్నారు. ఏం చేస్తున్నారో నాకు అర్థమయ్యేలోపే అది పోయింది.

"నాకేం కనపడలేదు" అన్నారు. మామిడికాయ గడ్డిలో పెట్టి, ఇంకోటి తీసుకున్నారు. కౌసర్ నా వైపు గానీ, ఆయన వైపు గానీ చూడలేదు.

ఇంటికొచ్చి నయీమ్‌కి ఫోన్ చేశాను. చాలాసార్లు చేశాక ఎత్తాడు. వెనక రంపం రాయిని కోస్తున్న చప్పుడు, పళ్ళు జివ్వుమనేలా.

"ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"నాన్నా, నువ్వు కాదు. నువ్వు తీయలేదు. నాకు తెలిసింది" అన్నాను. అంతా గబగబా చెప్పాను, లింకు, దొంగ ప్రోగ్రాం, బావగారు తుడిచేసిన మెసేజీ, అన్నీ. నేను ఆగాను. వాడు ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను, ఇంటికొచ్చేస్తానంటాడనుకున్నాను.

"బ్యాంకు వాళ్ళు చెబితే తెలిసిందా అమ్మా?" అన్నాడు.

కోపంగా అనలేదు. అలిసిపోయి, కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్నవాడిలా అన్నాడు. నేను మాట్లాడబోయాను. నోట్లో నాలుక కదల్లేదు. వాడు అటు వైపు వింటూనే ఉన్నాడు. రంపం ఆగి మళ్ళీ మొదలైంది. ఎవరో వాణ్ణి పేరు పెట్టి అరిచారు.

"గొంతు రావట్లేదు కదూ?" అన్నాడు నా కొడుకు. "నీళ్ళు తాగమ్మా. పనుంది, పెట్టేస్తున్నా."